మూడేళ్ల బాకీ



ఈ శనివారం, 2024 నవంబర్ 30న, మధ్యాహ్నం 12 గంటలకు కొలంబస్‌లో అక్కడి ఒహాయో స్టేట్, ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు తలపడుతున్నాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఈ మాటలు వింటున్నవారికి అది రాత్రి పదిన్నర వేళ. ఇక్కడివాళ్లు దీన్ని ‘ద గేమ్’ అంటారు. అంత మాట అంటే చాలు, ఏ ఆట అని అడిగేవాళ్లుండరు.

ముందు లెక్కలు చెప్పేస్తాను. ఒహాయో స్టేట్ ఈ సీజన్‌లో 10 మ్యాచ్‌లు గెలిచింది, ఒక్కటి ఓడింది. ఆ ఒక్కటీ ఆరెగన్ జట్టు మీద, వాళ్ల గడ్డ మీద, 32-31తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో. ర్యాంకుల్లో దేశంలో రెండో స్థానం. మిషిగన్‌వి 6 గెలుపులు, 5 ఓటములు. టెక్సస్ చేతిలో 31-12తో, ఆరెగన్ చేతిలో 38-17తో చిత్తయ్యారు. ఇలినాయ్ మీద చేసింది ఏడు పాయింట్లే. పందేలవాళ్లు ఒహాయో స్టేట్ దాదాపు 20 పాయింట్ల తేడాతో గెలుస్తుందంటున్నారు. కాగితం మీద చూస్తే ఇది పోటీయే కాదు.

అయినా ఈ వారమంతా కొలంబస్‌కు కంటి మీద కునుకు లేదు. ఎందుకో మూడు స్కోర్లు చెబితే తెలుస్తుంది. 2021లో మిషిగన్ 42-27. 2022లో మిషిగన్ 45-23, అదీ కొలంబస్‌లోనే. 2023లో మిషిగన్ 30-24. వరసగా మూడేళ్లు. మూడోసారి గెలిచాక మిషిగన్ అక్కడితో ఆగలేదు, 15 మ్యాచ్‌లకు 15 గెలిచి జాతీయ ఛాంపియన్ అయింది.

ఇప్పుడు ఒహాయో స్టేట్‌లో నాలుగో ఏడు ఆడుతున్న కుర్రాళ్లను తలచుకోండి. జాక్ సాయర్, జేటీ టుయిమొలోవావ్, ఎమెకా ఎగ్‌బుకా, డెంజెల్ బర్క్, ట్రెవియాన్ హెండర్సన్. అందరూ 2021లో చేరినవాళ్లే. వీళ్లలో ఒక్కరికీ మిషిగన్‌ను ఓడించడం అంటే ఏమిటో తెలియదు. పోయిన ఏడాది సీజన్ ముగియగానే ప్రొఫెషనల్ లీగుకు వెళ్లిపోయి ఉంటే వీళ్లకు పెద్ద పెద్ద కాంట్రాక్టులు దొరికేవి. వెళ్లలేదు. ఇంకో ఏడాది ఉండిపోయారు. జాతీయ టైటిల్ కోసం అన్నది నిజమే, కానీ ఈ ఊళ్లో ఎవర్ని అడిగినా ముందు చెప్పే కారణం మిషిగనే. సాయర్ అయితే ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న పికరింగ్టన్ కుర్రాడు. శనివారం ఆట వీళ్ల సొంత మైదానంలోనే. చేతిలో మిగిలింది 60 నిమిషాల ఆట. ఈ బాకీ తీర్చుకోవడానికి మళ్లీ అవకాశం రాదు.

బాకీ అన్నాను. దానికి ఇక్కడ ఒక రూపం కూడా ఉంది. 1934 నుంచి, మిషిగన్‌ను ఓడించిన ప్రతి ఏడాదీ ఒహాయో స్టేట్ ఆటగాళ్లకు, కోచ్‌లకు ఒక చిన్న బంగారు బిళ్ల ఇస్తున్నారు. ఫుట్‌బాల్ ప్యాంటు ఆకారంలో, మెడలో గొలుసుకు వేలాడదీసుకునేంత ఉంటుంది. 1934లో కొత్తగా వచ్చిన కోచ్ ఫ్రాన్సిస్ ష్మిట్‌ను, మిషిగన్ లాంటి జట్టును ఎలా ఓడిస్తారని అడిగితే, వాళ్లూ అందరిలాగే ప్యాంటు ఒక్కో కాలూ దూర్చి తొడుక్కునేవాళ్లే కదా అన్నాడట. ఆ మాట నుంచే ఈ బిళ్ల పుట్టింది. ఆ ఏడాది ఒహాయో స్టేట్ 34-0తో గెలిచింది కూడా. పేరు ‘గోల్డ్ పాంట్స్’. దుకాణంలో దొరికే వస్తువు కాదది. నాలుగేళ్లు ఆడి నాలుగు సంపాదించినవాళ్లున్నారు. సాయర్ దగ్గర ఒక్కటీ లేదు.

ఈ బిళ్ల చుట్టూ ఒక చేదు కథ కూడా ఉంది. 2010లో ఒహాయో స్టేట్ ఆటగాళ్లు కొందరు తమకు వచ్చిన జ్ఞాపికలు అమ్ముకున్నారనీ, పచ్చబొట్లు చవగ్గా వేయించుకున్నారనీ బయటపడింది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ టెరెల్ ప్రయర్ అమ్మినవాటిలో 2008 నాటి గోల్డ్ పాంట్స్ కూడా ఉంది. అప్పట్లో కాలేజీ ఆటగాడు ఆట పేరు మీద ఒక్క డాలరు పుచ్చుకున్నా నియమం తప్పినట్టే. అయిదుగురిని అయిదేసి మ్యాచ్‌లు ఆపేశారు. కోచ్ జిమ్ ట్రెసెల్ మరుసటి ఏడాది రాజీనామా చేశాడు. 2010 సీజన్ గెలుపులన్నీ రికార్డుల్లోంచి కొట్టేశారు, అందులో మిషిగన్ మీద 37-7 గెలుపూ పోయింది. అందుకే 2023 దాకా మొత్తం లెక్క చెప్పేటప్పుడు మిషిగన్ 61, ఒహాయో స్టేట్ 51, సమంగా ముగిసినవి 6 అంటారు. 2021 జులైలో ఆ నియమం మారిపోయింది. ఇప్పుడు ఆటగాళ్లు తమ పేరు మీద బాహాటంగా సంపాదించుకోవచ్చు. ఈ ఏడాది తమ జట్టు ఆటగాళ్లకు దాదాపు 2 కోట్ల డాలర్లు అందాయని ఒహాయో స్టేట్ అథ్లెటిక్ డైరెక్టరే చెప్పాడు. పద్నాలుగేళ్ల కిందట ఒక పచ్చబొట్టుకు శిక్ష అనుభవించిన ఆ కుర్రాళ్లను తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. వాళ్ల చేతుల్లోంచి పోయిన ఆ గెలుపును తిరిగి లెక్కలో కలపాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ వైరం ఆటతో మొదలు కాలేదు. 1835లో టొలీడో ఊరు, దాని చుట్టూ ఉన్న భూమి మాదంటే మాదని ఒహాయో రాష్ట్రం, అప్పటికింకా రాష్ట్రం కాని మిషిగన్ ప్రాంతం సైన్యాలను సరిహద్దుకు నడిపించాయి. ఎవరూ చావలేదు. ఒక షెరిఫ్ మనిషికి చాకు గాయమైంది, అంతే. చివరికి వాషింగ్టన్ మధ్యవర్తిత్వంతో టొలీడో ఒహాయోకు దక్కింది, మిషిగన్‌కు ఉత్తరాన ఉన్న పెద్ద ద్వీపకల్పం, దానితోపాటు రాష్ట్ర హోదా దక్కాయి. 1837 జనవరి 26న మిషిగన్ రాష్ట్రమైంది. ఆ ద్వీపకల్పంలో తర్వాత రాగి, ఇనుము గనులు బయటపడ్డాయి కాబట్టి లాభపడింది ఎవరన్న వాదన ఇప్పటికీ తెగలేదు. రెండు యూనివర్సిటీల మొదటి మ్యాచ్ 1897లో ఆన్ ఆర్బర్‌లో జరిగింది. మిషిగన్ 34-0. 1918 నుంచి ఏటా ఆడుతున్నారు. తప్పింది ఒక్క 2020లోనే, కోవిడ్ వల్ల.

ఆ ఆటలన్నిటిలోకీ 1950 నాటిది వింటే నమ్మబుద్ధి కాదు. కొలంబస్‌లో మంచు తుపాను. ఎదుటి మనిషి కనిపించడు, బంతి చేతిలో నిలవదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్తేనే బంతి మన దగ్గర ఉంటుంది. ఆ రోజు మిషిగన్ ఆట మొత్తంలో ఒక్కసారి కూడా ఆ పది గజాలు దాటలేదు. 24 సార్లు బంతిని తన్ని అవతలివాళ్లకు ఇచ్చేసింది. అయినా 9-3తో గెలిచింది, ఎందుకంటే పాయింట్లన్నీ తన్నబోయిన బంతిని అడ్డుకుని సంపాదించింది. ఆ ఓటమి తర్వాత ఒహాయో స్టేట్ కోచ్ వెళ్లిపోయాడు, 1951లో వుడీ హేస్ వచ్చాడు.

వుడీ హేస్ గురించి ఇక్కడ తాతలు మనవలకు చెప్పే కథలెన్నో. మిషిగన్ పేరే నోటితో పలికేవాడు కాదు, ‘పైనున్న ఆ జట్టు’ అనేవాడు. మిషిగన్‌లో పెట్రోలు పోయించుకుంటే వాళ్ల ఖజానాకు పన్ను కట్టినట్టవుతుందని, కారు ఆగిపోయినా సరే సరిహద్దు దాకా తోసుకుంటూ వెళ్దామన్నాడని చెబుతారు. అతని దగ్గర శిష్యరికం చేసినవాడు బో షెంబెక్లర్. మయామీ ఆఫ్ ఒహాయో యూనివర్సిటీలో హేస్ కోచ్‌గా ఉన్నప్పుడు ఆడాడు, ఒహాయో స్టేట్‌లో హేస్ సహాయకుడిగా పనిచేశాడు. ఆ షెంబెక్లరే 1969లో మిషిగన్ కోచ్‌గా వచ్చి తొలి ఏడాదే గురువుకు ఎదురు నిలిచాడు. అప్పుడు ఒహాయో స్టేట్ దేశంలో నంబర్ వన్, వరసగా 22 మ్యాచ్‌లు గెలిచి ఉంది. అందరూ ఇది లాంఛనమే అనుకున్నారు. మిషిగన్ 24-12తో గెలిచింది. ఆ మ్యాచ్‌తో మొదలై పదేళ్లు గురుశిష్యుల మధ్య సాగిన పోరులో శిష్యుడివి అయిదు గెలుపులు, గురువువి నాలుగు, ఒకటి సమం. 2006లో రెండు జట్లూ ఓటమి ఎరగకుండా ఒకటి, రెండు ర్యాంకులతో తలపడబోతుంటే ముందురోజే షెంబెక్లర్ కన్నుమూశాడు. ఆ మ్యాచ్ ఒహాయో స్టేట్ 42-39తో గెలిచింది.

1969ని ఎందుకు గుర్తు చేశానంటే, ఈ వారం కూడా జనం అదే ధోరణిలో మాట్లాడుతున్నారు కాబట్టి. పందెం లెక్కలను నేను కొట్టిపారేయను. కానీ ఈ మ్యాచ్‌లో ఒహాయో స్టేట్‌కు ఒక చోట ప్రమాదం ఉంది. అది బంతి ఎగిరే చోటు కాదు, బంతి బయల్దేరే చోటు.

ప్రతి ప్రయత్నం మొదట్లో రెండు జట్ల బరువైన మనుషులు ఎదురెదురుగా వంగి నిలబడతారు. మధ్యలో ఉన్న సెంటర్ కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు. ఆ క్షణంలో అతని మీదికి ఇద్దరు కొండల్లాంటి మనుషులు వచ్చి పడతారు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడినే చూస్తూ ఉంటే, వాడి వెనక చేతులు కలుపుకొని దగ్గరకొస్తున్న గొలుసు కనిపించదు. ఇక్కడా అంతే, బంతి వెంట కళ్లు పరిగెడితే అసలు ఆట తప్పిపోతుంది. ఒహాయో స్టేట్ ఈ సీజన్ మొదలుపెట్టినప్పటి వరస ఇప్పుడు లేదు. ఆ వరసలో ఎడమ అంచున ఉండే ట్యాకిల్ జాష్ సిమన్స్ ఆరెగన్ మ్యాచ్‌లో గాయపడి సీజన్‌కే దూరమయ్యాడు. సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్‌కు ఇండియానా మ్యాచ్ ముందు ప్రాక్టీసులో మడమ వెనక స్నాయువు తెగింది. సిమన్స్ చోటు నింపడానికి, సెంటర్ పక్కన గార్డ్‌గా ఆడుతున్న డోనవన్ జాక్సన్ ట్యాకిల్ స్థానానికి జరిగాడు. కార్సన్ హింజ్‌మన్ సెంటర్‌లోకి వచ్చాడు. ఈ సర్దుబాటుతోనే పోయిన శనివారం అప్పటిదాకా ఓటమి ఎరగని ఇండియానాను 38-15తో ఓడించారు. కాబట్టి జనానికి ధీమా వచ్చింది.

నాకు రాలేదు. ఎందుకంటే శనివారం ఆ మధ్యలో నిలబడబోయేది మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్. గ్రాంట్ బరువు నూట యాభై కిలోలకు అటూ ఇటూ. గ్రాహమ్ అంతకంటే కొంచెం తక్కువ, కానీ ఎదుటివాడి భుజం కిందికి దూరి లేపి పక్కకు నెట్టడంలో దేశంలో అతన్ని మించినవాళ్లు అరుదు. మిషిగన్ ఈ ఏడాది ఎన్ని ఓడినా, ఈ ఇద్దరి మీదుగా పరుగెత్తి ఆడడం ఎవరికీ సులువు కాలేదు. 2021లో మిషిగన్ గెలిచింది కూడా ఇలా మధ్యనే. ఆ రోజు వాళ్లు పరుగుతోనే 297 గజాలు సాధించారు.

ఒహాయో స్టేట్ దగ్గర ఇంతకంటే మంచి ఆయుధాలున్నాయి. ఎగ్‌బుకా ఉన్నాడు. మొదటి ఏడాది కుర్రాడు జెరెమయా స్మిత్ ఉన్నాడు. అతను గాల్లోకి లేచి ఒంటిచేత్తో బంతి అందుకోవడం చూస్తే వయసు పద్దెనిమిది, పందొమ్మిది అంటే నమ్మలేం. క్వార్టర్‌బ్యాక్ విల్ హావర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి ఈ ఏడాదే వచ్చాడు. మిషిగన్ వైపు బంతి అందుకునేవాళ్లను కాచే మేటి కార్నర్‌బ్యాక్ విల్ జాన్సన్ కాలి గాయంతో అక్టోబర్ నుంచి ఆడలేదు. అంటే బంతిని అంచుల వెంట, దూరంగా విసరడమే తెలివైన పని. మధ్యలోంచి దూసుకెళ్లి మగతనం నిరూపించుకోవాలని చూస్తే మిషిగన్ కోరుకున్న ఆటే ఆడినట్టవుతుంది. మూడేళ్లుగా ‘మీరు మెత్తనివాళ్లు’ అన్న మాట పడ్డ జట్టుకు ఆ ఉబలాటం సహజం. కోచ్ ర్యాన్ డే దాన్ని ఆపగలడా అన్నదే నా ప్రశ్న.

డే గురించి ఒక మాట. అతని లెక్క 66 గెలుపులు, 9 ఓటములు. ఇంకే ఊళ్లోనైనా విగ్రహం పెట్టేవాళ్లు. ఆ తొమ్మిదిలో మూడు మిషిగన్‌వి కాబట్టి ఇక్కడ కొందరు అతన్ని పంపించేయాలంటున్నారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న మనిషి. నాన్న పోవడం లాంటివి తప్పిస్తే, తన కుటుంబం పడిన బాధల్లో మిషిగన్ చేతిలో ఓటమే పెద్దదని ఈ మధ్య ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు జాలి కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఆట కోసం ఒక మనిషి ఇంటిల్లిపాదినీ అంత దూరం నెట్టిన మనందరి మీద కోపం. గెలిచినా ఓడినా శనివారం సాయంత్రం అతని ఇంటివాళ్లను వదిలేయండి.

మిషిగన్‌ను తీసిపారేస్తున్నవాళ్లకూ ఒకటి చెప్పాలి. ఛాంపియన్ జట్టులోంచి 13 మంది ఒకే ఏడాది ప్రొఫెషనల్ డ్రాఫ్టులో వెళ్లిపోయారు. కోచ్ జిమ్ హార్బా ప్రొఫెషనల్ జట్టు లాస్ ఏంజెలెస్ చార్జర్స్‌కు వెళ్లాడు. అతని చోట వచ్చిన షెరోన్ మూర్‌కు పోయిన ఏడాది ఇదే మ్యాచ్ నడిపిన అనుభవం ఉంది, ఎందుకంటే ఎదుటి జట్ల సైగలు దొంగిలించారన్న ఆరోపణల మీద హార్బాను అప్పుడు మ్యాచ్‌లకు దూరం పెట్టారు. ఆ ఆరోపణ చిన్నది కాదు, 2024 నవంబర్ నాటికి విచారణ ఇంకా ముగియలేదు. కానీ మూడేళ్ల ఓటమికీ అదే కారణమని మావాళ్లు చెప్పుకోవడం నాకు నచ్చదు. మూడో ఓటమి ఆ వ్యవహారం బయటపడ్డాక వచ్చిందే.

క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఈ ఏడాది మిషిగన్ మార్చి మార్చి మళ్లీ డేవిస్ వారెన్ దగ్గరికే వచ్చింది. బంతి విసిరి సాధించిన గజాల్లో వాళ్లు దేశంలో అట్టడుగు జట్ల సరసన ఉన్నారు. అందులో అబద్ధం లేదు. అయితే ఈ వారెన్ హైస్కూల్లో ఉండగా రక్త క్యాన్సర్ బారిన పడి, చికిత్స చేయించుకుని కోలుకుని, స్కాలర్‌షిప్పు లేకుండా జట్టులో చేరిన కుర్రాడు. లక్ష మంది అరుపులకు చేతులు వణికే మనిషి కాదు. అతనికి తోడు కాలెల్ మలింగ్స్. ఒకప్పుడు డిఫెన్సులో ఆడి, బంతి పట్టుకుని పరుగెత్తే పనికి మారినవాడు. ఒక్కడు పట్టుకుంటే పడడు.

ఇక కాన్ఫరెన్స్ సంగతి. ఈ రెండు జట్లూ ఆడే బిగ్ టెన్‌లో ఈ ఏడాది 18 జట్లయ్యాయి. పసిఫిక్ తీరం నుంచి ఆరెగన్, వాషింగ్టన్, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వచ్చి చేరాయి. పాత విభాగాలు తీసేశారు, మొదటి రెండు జట్లు డిసెంబర్ 7న ఇండియానాపొలిస్‌లో ఫైనల్ ఆడతాయి. ఆరెగన్ ఇప్పటికే చోటు ఖాయం చేసుకుంది. ఒహాయో స్టేట్ గెలిస్తే రెండో చోటు వాళ్లదే. జాతీయ ప్లేఆఫ్ కూడా 4 జట్ల నుంచి 12కు పెరిగింది కాబట్టి శనివారం ఓడినా ఒహాయో స్టేట్‌కు తలుపులు మూసుకుపోకపోవచ్చు. అందుకని ఈ మ్యాచ్ విలువ తగ్గిందని టీవీల్లో కొందరు వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను. క్యాంపస్‌లోకి వెళ్లి చూడండి. బోర్డుల మీద, భవనాల పేర్ల మీద ఉన్న ‘ఎం’ అక్షరాలన్నిటి మీదా ఎర్ర టేపుతో అడ్డగీతలు వేశారు. ప్లేఆఫ్ పట్టిక చూసి వేసిన గీతలు కావవి.

మన తెలుగువాళ్లకు ఇందులో పాత్ర లేదనుకోకండి. కొలంబస్ పక్కన డబ్లిన్, పవెల్ ఊళ్లలో మనవాళ్లెంతమందో, డెట్రాయిట్ దగ్గర నోవై, కాంటన్‌లలోనూ అంతమంది. పిల్లలు పెద్దవాళ్లై కొందరు ఇక్కడ, కొందరు ఆన్ ఆర్బర్‌లో చదువుతున్నారు. థాంక్స్‌గివింగ్ సెలవులకు ఒకే ఇంట్లో చేరి, ఎర్ర చొక్కా ఒకరు, పసుపూ నీలం ఇంకొకరు వేసుకుంటారు. మొన్న రాత్రి నోవై నుంచి మా బావ ఫోన్ చేశాడు.

“ఏం బావా, ఈసారైనా గెలుస్తారా, లేకపోతే నాలుగోది కూడా మాకే రాసిచ్చేస్తారా?”

“ముందు మీవాడిని ఒక్క బంతి సరిగ్గా విసరమను.”

“విసరక్కర్లేదు బావా. మా గ్రాహమ్ మీ సెంటర్‌ను కూర్చోబెడతాడు, చాలు.”

మా బావకు ఆట బాగా తెలుసు.

స్టేడియానికి వెళ్తున్నవాళ్లు పదకొండున్నరకల్లా సీట్లలో ఉండండి. 1922లో గుర్రపు నాడా ఆకారంలో కట్టిన స్టేడియం ఇది. 1,02,780 మంది పడతారు. ఆటకు ముందు బ్యాండ్ బారులు తీరి, ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి పాములా జారుతూ మైదానం నిండా ఒహాయో పేరు రాస్తుంది. చివర సూసాఫోన్ మోసే సీనియర్ విద్యార్థి ఒకరు కాళ్లు ఎత్తెత్తి వేస్తూ వచ్చి ‘ఐ’ మీద చుక్కగా నిలిచి, టోపీ తీసి రెండు వైపులా వంగుతాడు. 1936 నుంచి ఒహాయో స్టేట్‌లో ఈ ఆచారం ఉంది. నీళ్లు గడ్డకట్టే చలి అంటున్నారు, చేతి తొడుగులు మరిచిపోవద్దు. పిల్లలను తీసుకెళ్తే మిషిగన్ చొక్కా వేసుకున్న పక్క సీటు పిల్లలతో మర్యాదగా ఉండమని చెప్పండి.

ఇక నా అంచనా. ఒహాయో స్టేట్ 24, మిషిగన్ 13. ఒహాయో డిఫెన్స్ ఈ ఏడాది దేశంలోనే అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన వాటిలో ఒకటి. వారెన్ దాని మీద రెండు టచ్‌డౌన్‌లు సాధించడం కష్టం. కానీ మొదటి పావుగంట చూడండి. హావర్డ్ బంతిని స్మిత్‌కు, ఎగ్‌బుకాకు విసురుతూ ఉంటే నిశ్చింతగా భోజనం చేయండి. మధ్యలోకి పరుగులు పెట్టి రెండేసి గజాలకే ఆగిపోతుంటే, హాఫ్‌టైమ్‌కు స్కోరు సమంగా ఉంటే, మా బావ నుంచి నాకు ఫోన్ వస్తుంది. అప్పుడు నా దగ్గర జవాబుండదు.